ఉతకకూడని గుడ్డ

మొన్న శనివారం నంద్యాల బస్టాండు ఎదురుగా ఉన్న మందుల షాపులో మనవడికి డైపర్లు కావాలని అడిగితే, కౌంటర్లో ఉన్న అమ్మాయి తలెత్తకుండానే ఎన్ని కిలోలు అంది. నేను అడిగింది డైపర్లా, కందిపప్పా అని నాకే అనుమానం వచ్చింది. "తాతా, బిడ్డ ఎంత బరువుండాడని అడుగుతాండా" అని ఆ పిల్ల నవ్వాపుకుంటూ విడమరిచి చెప్పింది. నాకేం తెలుసు బరువు? ఎత్తుకుంటే ఒక పక్క భుజం లాగేస్తాడని చెప్పాను. చివరికి మా అమ్మాయికి ఫోను చేసి, అంకె కనుక్కుని, రెండు పెద్ద ప్యాకెట్లు తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

మా అమ్మాయి వచ్చే వారం ఎనిమిది నెలల పిల్లవాణ్ణి చంకనేసుకుని మస్కట్ పోతోంది. అల్లుడు అక్కడే పని చేస్తున్నాడు, మూడు నెలలుండి వస్తుంది. దారికి ఏమేం కావాలో ఫోనులో పెద్ద చిట్టా రాసుకుంది. గంటకొక డైపరు, విమానం ఆలస్యమైతే పైన మరో నాలుగు, తుడవడానికి తడి కాగితాలు, కింద పరిచే మడత పరుపు, వాడినవి మూటగట్టడానికి వాసన బయటికి రాని కవర్లు. విమానాశ్రయంలో బిడ్డకు డైపరు మార్చే గది ఎక్కడుందో కూడా ఇక్కడ ఆళ్లగడ్డలో కూర్చునే చూసిపెట్టుకుంది. ఆ ప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నవాణ్ణి, శిరివెళ్ల దాటేసరికి ముప్పై ఏళ్ళ పైచిలుకు వెనక్కి పోయాను. అదే మస్కట్, అదే దారి, కాకపోతే అప్పుడు నేను అక్కడినుంచి ఇక్కడికి వచ్చాను. ఇవాళ చిట్టాలు రాస్తున్న ఈ అమ్మాయే అప్పుడు నా చంకలో ఆరు నెలల పసిగుడ్డు. పక్కన ఆడతోడు లేదు.

అప్పట్లో నేను మస్కట్‌లో ఒక కంపెనీ బస్సు నడిపేవాణ్ణి, మా ఆవిడ అక్కడే ఆసుపత్రిలో నర్సు. డ్రైవరుకు సంసారం పెట్టుకునే అనుమతి ఉండేది కాదు గనుక ఆమె ఉద్యోగం నీడనే నేనూ ఉండేవాణ్ణి. స్నేహితులు ఎగతాళి చేసేవాళ్ళు, చేయనీ. పాప పుట్టిన నలభై అయిదో రోజుకే ఆమె సెలవు అయిపోయింది. పక్కింట్లో ఉండే కేరళ నర్సు వాళ్ళమ్మ, దేవత లాంటి మనిషి, మేము డ్యూటీకి పోయినప్పుడు పాపను చూసుకునేది. పాపకు ఆరో నెల నడుస్తుండగా ఆ పెద్దావిడ వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది ఒకటే దారి. బిడ్డను ఆళ్లగడ్డలో మా అమ్మ దగ్గర వదలడం. మా ఆవిడకు సెలవు దొరకలేదు, నాకు మూడు వారాలు దొరికింది. అందుకని నేను తీసుకెళ్ళాల్సి వచ్చింది.

నా ఈడు మగవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. బిడ్డ నవ్వితే మనం ఎత్తుకునేవాళ్ళం, తడిపితే చేతులు చాపి వాళ్ళమ్మకు అందించేవాళ్ళం. అదే మన పెంపకం. అలాంటి నన్ను కూర్చోబెట్టి మా ఆవిడ వారం రోజులు పాఠం చెప్పింది. అయిదు కిలోల బియ్యం సంచి నడుముకు మొలతాడు కట్టి, గుడ్డను మూడు కోణాలుగా మడిచి, ముందు నుంచి వెనక్కి తీసి, మొలతాడులోకి ఎలా దోపాలో నేర్పింది. మూడు రోజులు బియ్యం సంచికి గోచీ పెట్టిన మగవాడు ఆళ్లగడ్డ తాలూకాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నాలుగో రోజు పాపకు పెట్టాను. సంచి కదలదు, పాప కాళ్ళు తన్నుతుందని అప్పుడు తెలిసింది.

సంచిలో ఆమె సర్దిన గుడ్డలు ఇరవై రెండు, అన్నీ పాత నూలు చీరలు చింపి చేసినవి. వాటిని మేము పొత్తిగుడ్డలంటాం. క్రిస్మస్ ఆరాధనలో పసిబాలుణ్ణి పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టారన్న మాట వినబడినప్పుడల్లా ఇప్పటికీ నాకు ఆ సంచే గుర్తొస్తుంది. డైపర్లు అప్పుడే కొత్త, ఆసుపత్రిలో వాడేవి ఎలాగో ఒక ఆరు సంపాదించి, విమానంలోకి మాత్రమే అని పైన పెట్టింది. అన్నిటికన్నా అడుగున, విడిగా ఒక ప్లాస్టిక్ కవర్లో, నోరు దారంతో బిగించి ఇంకొక గుడ్డ పెట్టింది. నీలి అంచు ఉన్న తెల్లచీర ముక్క అది. పాప పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఆ చీరే కట్టుకునేది, పాప ఆ కొంగులో ముఖం దాచుకుంటేనే నిద్రపోయేది. ప్రయాణానికి ముందు నాలుగు రోజులు ఉతక్కుండా అదే కట్టుకుని, బయలుదేరే ఉదయం చింపి కవర్లో పెట్టింది.

"ఇది దాని కిందికి కాదు, తల కింద పరిచేది. తడిపించద్దు. ఎవురినీ ఉతకనియ్యద్దు. నా వాసన పొయ్యిందంటే అది నన్ను మర్సిపోతాది" అంది. ఏడవకుండానే చెప్పింది. నర్సులు అలాంటివి ఏడవకుండా చెప్పగలరు. నేను తలూపి, ఈ గుడ్డ ఒక్కటి క్షేమంగా ఇల్లు చేరిస్తే చాలు, నేను మగవాణ్ణే అనుకున్నాను.

విమానం ఏడు గంటలు ఆలస్యమైంది. ఆరు డైపర్లలో అయిదు అక్కడే అయిపోయాయి, అందులో ఒకటి వెనకది ముందు పెట్టి కట్టినందుకు దండగ. బిడ్డకు గుడ్డ మార్చే బల్ల ఆడవాళ్ళ గదిలో ఉంది, నేను ఆ గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాను. మగవాళ్ళ గదిలో చెయ్యి కడుక్కునే తొట్టి తప్ప ఏమీ లేదు. కుర్చీల వరస చివర, గోడ వైపు తిరిగి, నా వీపు అడ్డం పెట్టి మార్చాను. చుట్టూ వందమంది ఉన్నారు, ఇళ్ళకు పోతున్న మనవాళ్ళే, పాపను చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు గానీ ఒక్క నిమిషం పట్టుకోమని అడిగే ధైర్యం నాకు రాలేదు. అంత మంది మధ్య అంత ఒంటరితనం నేను మళ్ళీ ఎరగను. పాప మాత్రం ప్రతి ఆడమనిషి ముఖంలోకీ తొంగి చూసి, కాదని తేల్చుకుని, నా వైపు తిరిగి పెదవి విరిచేది.

బొంబాయిలో దిగి రైలెక్కాక ఇక గుడ్డలతోనే కాలక్షేపం. తడిసినవి రైలుపెట్టెలోని కుళాయి కింద జాడించి, కిటికీ ఊచలకు కట్టి ఆరబెట్టేవాణ్ణి. మా కిటికీకి ఎగురుతున్న ఆ తోరణాన్ని చూసి ప్లాట్‌ఫారం మీద జనం ఆగి చూసేవాళ్ళు. గుంతకల్లులో రైలు మారి నంద్యాల ప్యాసింజరెక్కితే, ఎదురుగా కూర్చున్న ఒక అవ్వ నన్నూ, నా గడ్డాన్నీ, పాపనూ మార్చి మార్చి చూసి, పెట్టెలో అందరికీ వినబడేలా "ఏమప్పా, ఎవురి బిడ్డ ఇది? తల్లి యాడ?" అంది. మస్కట్‌లో ఉందన్నాను. అవ్వ నమ్మలేదు. తల్లి మస్కట్‌లో, బిడ్డ గుంతకల్లులో ఉండడమేందని నలుగురూ నా వైపు తిరిగారు. నా చెమటలు చెప్పనలవి కాదు. పాప పుణ్యమా అని సరిగ్గా అప్పుడే తడిపింది. ఒళ్ళో పడుకోబెట్టి, మూడు కోణాలు మడిచి, మొలతాడులోకి దోపి, రెండు కాళ్ళూ పట్టుకుని ముద్దు పెట్టాను. అవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా చూసి, "నీ బిడ్డేలే నాయనా, దొంగకు ఇంత ఓపిక యాడిది" అని తన సంచిలోంచి రెండు అరటిపళ్ళు తీసిచ్చింది.

డోన్ వచ్చేసరికి పాపకు కడుపు చెడింది. ఇరవై రెండు గుడ్డల్లో పొడిది ఒక్కటీ లేదు. నీలి అంచు గుడ్డ మాత్రం కవర్లో భద్రంగా ఉంది. అవ్వ అది చూసి, ఆడుండాది గదా గుడ్డ, అది పెట్టు అంది. నేను నా కొత్త లుంగీ పళ్ళతో చింపాను. అది నాలుగు ముక్కలైంది. నంద్యాల స్టేషన్లో దిగేటప్పటికి తువ్వాలు కూడా అయిపోయింది, ఆళ్లగడ్డ బస్సులో నా బనియను విప్పి పెట్టాను. పైన చొక్కా, కింద ప్యాంటు, చంకలో నా బనియను చుట్టుకున్న కూతురు, చేతిలో కంపు కొట్టే సంచి. అయినా నా గుండె పొంగిపోతోంది. సముద్రం దాటించి, రెండు రైళ్ళు, ఒక బస్సు మార్చి, ఆ గుడ్డను తడి తగలకుండా ఇల్లు చేర్చాను.

మా అమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. నంద్యాలలో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆమె ఇరవై ఎనిమిదేళ్ళు ఆయాగా పని చేసింది. పెద్ద అండాలో సోడా వేసి గుడ్డలు ఉడకబెట్టడం, కర్రతో తిప్పి తీయడం, ఎండలో పరచడం, అదే ఆమె ఉద్యోగం, అదే ఆమె భక్తి. ఉడకని గుడ్డ బిడ్డను తాకకూడదనేది ఆమెకు పదకొండో ఆజ్ఞ. ఎందరో పసివాళ్ళు ఆమె ఉడకబెట్టిన గుడ్డల్లో చల్లగా బతికి ఇళ్ళకు పోయారు. అలాంటి మనిషి చేతిలో బిడ్డనూ సంచినీ పెట్టి, రెండు ముద్దలు తిని, ఆ గుడ్డ సంగతి లేచాక చెబుదాంలే అని నులక మంచం మీద వాలాను. మూడు రోజుల నిద్ర బాకీ, పిడుగు పడినా లేచేవాణ్ణి కాదు.

లేచేసరికి పొద్దు వాలుతోంది. పెరట్లో తీగ మీద గుడ్డలన్నీ మల్లెపూలలా ఆరుతున్నాయి. చిట్టచివర నీలి అంచు గుడ్డ. నేను పరుగెత్తి ముఖానికి అద్దుకున్నాను. ఎండ వాసన, సోడా వాసన. మా అమ్మ చాటంత ముఖం చేసుకుని వచ్చి, "ఆ కవర్లో గుడ్డ సూడు నాయనా, ఎన్నాళ్ళ మురికో, ఒకటే చెమట వాసన. రెండు తూర్లు ఉడకేసినా" అంది. నేను ఆ తీగ కిందే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. ఏడుస్తూనే విషయం చెప్పాను. ఆమె ఆ గుడ్డను తీగ మీద నుంచి తీసి, తానూ ఒకసారి వాసన చూసి, "నాకేం తెల్సు నాయనా, చెప్పింటే కదా" అంది.

పాప నాలుగు రోజులు ఆ గుడ్డలో ముఖం పెట్టడం, వెతకడం, ఏడవడం. అయిదో రోజు మా అమ్మ తన కట్టుచీర కొంగే పాప తల కింద పరిచి పక్కన పడుకుంది. వేరే దారి లేక చేసిన పని అది. పాప మొదట తోసేసింది, తర్వాత ఆ కొంగు పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది. నేను తిరుగు ప్రయాణమయ్యే నాటికి ఆ కొంగు వదిలేది కాదు.

మస్కట్ విమానాశ్రయంలో మా ఆవిడ నా చేతిలో పెట్టె కింద పెట్టనివ్వకుండానే అడిగింది. "నా గుడ్డ మీదనే పండుకుంటాందా?" నేను ఆమె ముఖం చూశాను. పాలు నిలిచిపోవడానికి మాత్రలు వేసుకుంటున్న రోజులవి. పండుకుంటాంది, అది లేకుంటే కన్ను మూయదు అన్నాను. ఆమె చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అలా నేను చెప్పిన అబద్ధానికి మరో అబద్ధం తోడయింది. ఇంటి నుంచి ఉత్తరాలు నా కంపెనీ చిరునామాకు వచ్చేవి, డ్యూటీ చేసొచ్చి ఆమె కళ్ళు మూసుకుని పడుకుంటే నేనే చదివి వినిపించేవాణ్ణి, ఆ గుడ్డ గురించి లేని వాక్యం ఒకటి కలిపి చదివేవాణ్ణి. ఒకసారి నంద్యాల మనిషెవరో ఊరికి వెళుతుంటే మా ఆవిడ, పాతది వాసన పోయుంటుందేమో, ఇంకొకటి కట్టుకుని ఇస్తానంది. ఎందుకు, ఇంకా బాగానే ఉందంట అని నేనే ఆపాను. కొత్తది పంపితే పాతదాని కథ బయటపడుతుందని భయం. అబద్ధం చెప్పినందుకు కాదు గానీ, ఆ రెండో గుడ్డను ఆపినందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

రెండేళ్ళ తర్వాత ఇద్దరం సెలవు మీద వచ్చాం. గుమ్మంలోనే మా ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది. పాప మా అమ్మ కొంగు చాటుకు పోయి, అక్కడి నుంచి తొంగి చూసి, "అమ్మా, ఎవురు ఆమె?" అని మా అమ్మను అడిగింది. పాపకు అప్పటికే మా అమ్మే అమ్మ, ఆ రోజు నుంచి మా ఆవిడేమో మస్కట్ అమ్మ. తర్వాత ఉద్యోగం మానేసి వచ్చి, పక్కన పడుకోబెట్టుకుని, జడలేసి, బడికి పంపి, అమ్మకు ముందున్న ఆ మస్కట్ అనే మాట రాలగొట్టడానికి ఆమెకు మూడేళ్ళు పట్టింది. ఒక్కరోజూ నన్ను ఏమీ అడగలేదు. ఆ గుడ్డ ఏదని కూడా అడగలేదు. అడగకపోవడం నా అదృష్టమనుకున్నాను, నాకేమీ తెలియనట్టు తిరిగాను. మా అమ్మ పోయింది. మా ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది.

ఇక మొన్నటి సంగతి. ప్యాకెట్లు తెచ్చి మంచం మీద పెడితే, మా అమ్మాయి వాటిని ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దుతూ నా భుజం మీది తువ్వాలు లాక్కుంది. మనవడు సాయంత్రాలు నా భుజం మీదే నిద్రపోతాడు, ఆ తువ్వాలులో ముఖం దాచుకుంటాడు. మురికిదమ్మా, రెండు రోజులైంది, ఉతికి ఇస్తానుండు అన్నాను. "మురికిదే కావాల నాయనా, ఉతికితే ఏం పనికొస్తాది?" అని దాన్ని ఒక కవర్లో పెట్టి మూతి బిగించింది. ఇదంతా నీకెవరు చెప్పారని అడిగాను.

వాళ్ళమ్మే చెప్పిందట. తన పెళ్ళికి ముందెప్పుడో, చిన్నప్పుడు నిన్ను మస్కట్ అమ్మ అని ఎందుకనేదాన్నని అడిగితే అంతా చెప్పిందట. మేము సెలవు మీద వచ్చిన ఆ మొదటి రోజునే మా అమ్మ మా ఆవిడను పెరట్లోకి తీసుకుపోయి, తప్పు నాది తల్లీ, ఉడకేసింది నేను, వాణ్ణేమీ అనద్దు అని కాళ్ళు పట్టుకోబోయిందట. నేను లుంగీ చింపిందీ, బనియను విప్పిందీ, ఆ తీగ కింద ఏడ్చిందీ అన్నీ చెప్పిందట. అంటే నేను ముప్పై ఏళ్ళు దాచిపెట్టుకున్న అబద్ధమంతా, నాకెదురుగా కూర్చుని అన్నం వడ్డిస్తున్న మనిషికి మొదటి రోజు నుంచే తెలుసు. మరి నన్నెందుకు అడగలేదంటమ్మా అన్నాను. మా అమ్మాయి జిప్పు లాగుతూ, తలెత్తకుండా చెప్పింది. "అడిగితే మీ నాయన నా ముఖం సూడలేడు, సూడకుంటే నేను ఉండలేను, అనింది అమ్మ."

ఇప్పుడు బిడ్డలను ఎవరూ మరిచిపోనివ్వరు. మా మనవడు రోజూ పొద్దున ఫోనులో వాళ్ళ నాన్న ముఖం చూసి చప్పట్లు కొడతాడు, ఆ అద్దం మీదే ముద్దు పెడతాడు. బరువును బట్టి డైపర్లు, మగవాళ్ళు కూడా పోగలిగే గదులు, పాపను పట్టుకుంటాను ఇవ్వండి అనే విమానం అమ్మాయిలు, అన్నీ వచ్చాయి. మంచిదే, నేను పడిన అవస్థ ఎవరూ పడకూడదు. నేను పడిన అవస్థ చెప్పుకుని నవ్వుకోవడానికి మాత్రం ఇంట్లో రెండో మనిషి లేకపోయింది. ఉన్నన్నాళ్ళూ ఇద్దరం ఒకరికొకరం దాచుకుని, నవ్వాల్సిన కథను నవ్వకుండానే గడిపేశాం.

మా అమ్మాయి పిల్లవాణ్ణి నిద్రపుచ్చడానికి లోపలికి పోయాక నేను లేచి బీరువా తెరిచాను. మా ఆవిడ పోయిన నెలకు ఆమె చీరలన్నీ చాకలికి వేసి, గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి చర్చిలో ఆడవాళ్ళకు నా చేతులతోనే పంచాను. ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలి గదా అనుకున్నాను. ఒక్కటి మాత్రం ఇవ్వలేక దాచుకున్నాను, దాన్నీ ఉతికించే దాచాను. మడత విప్పి ముఖానికి పెట్టుకుంటే సబ్బు వాసన, కలరా ఉండల వాసన. నేను మా అమ్మ కొడుకునే.